మేస్త్రికి వినబడని చప్పుడు

ఇంజను విని రోగం చెప్పడంలో మేస్త్రికి పెద్ద పేరు. గోడనిండా కంప్యూటర్లు పెట్టుకున్న షెడ్లవాళ్లు కూడా తలలు బద్దలు కొట్టుకుని చివరికి ఆయన గుమ్మమే తొక్కేవారు. అలాంటి మనిషికి ఏడాదిగా ఎడమచెవి పనిచేయడం లేదు. కుడిచెవి కూడా సన్న చప్పుళ్లను వదిలేస్తోంది. ఎవరితోనైనా చెప్పాడా అంటే, చెప్తే ఆయన మేస్త్రి ఎందుకవుతాడు?

పోయిన సీజన్లో కూతురి రేసు కారులో పిస్టన్ కరిగిపోయింది. ఇంజనుకు పెట్రోలు చాలకపోతే లోపల గులకరాళ్లు దొర్లినట్టు టకటకమంటుంది; అలాగే నడిపితే పిస్టన్ కరుగుతుంది. సెట్టింగు చేసిన రోజు ఆ చప్పుడు ఆయనకు వినబడలేదు. కూతురేమో తనే గేరు తప్పు వేసి ఇంజను ప్రాణం తీశానని వెక్కి వెక్కి ఏడ్చింది. "పోనీలే అమ్మా" అన్నాడు తండ్రి. తన చెవి సంగతి మాత్రం దాచేశాడు. అప్పట్నుంచీ ఆ పిల్ల ప్రతి మలుపులోనూ జంకుతోంది. ఈ ఆదివారం రేసే ఆఖరిదని ఇంట్లో చెప్పేసింది కూడా.

శనివారం పొద్దున్న షెడ్డులో కారు ఉన్నచోటే ఉండి, చక్రాలు రోలర్ల మీద తిరుగుతున్నాయి. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే కొత్త ఇంజెక్టర్లు పెద్దవి, పంపు కూడా పెద్దదే. ఇక ఏ వేగానికి ఎంత పెట్రోలు పోవాలో లాప్‌టాప్‌లో సరిచూడటమే మిగిలింది. కూతురు సీట్లో కూర్చుని యాక్సిలరేటరు తొక్కింది. మేస్త్రి ఇంజనుకు తగిలించిన హెడ్‌ఫోను పెట్టుకుని, గొప్పగా కళ్లు మూసుకున్నాడు.

"ఎలా ఉంది నాన్నా?"

"భేషుగ్గా ఉంది."

"నాకేదో టకటకమన్నట్టుంది."

"నీ భయమే అది."

"అంతేలే. ఈమధ్య నన్ను నేనే నమ్మడం మానేశాను" అంటూ మళ్లీ తొక్కబోయింది.

మేస్త్రి కిటికీలోంచి చేయి పెట్టి తాళం తిప్పేశాడు. ఇంజను ఆగింది.

"చిన్నీ, నాకు వినబడట్లేదమ్మా. అప్పుడూ వినబడలేదు. ఆ పిస్టన్ పోయింది నావల్లే."

ఆమె స్టీరింగు వదల్లేదు.

"ఆర్నెల్లు నాన్నా. ఆర్నెల్లు నా చేతుల్నే తిట్టుకున్నాను."

"ఔను."

"నేనేడుస్తుంటే పక్కనే కూర్చున్నావు."

"కూర్చున్నాను. సిగ్గేసింది."

ఆమె దిగి కుళాయి దగ్గరికి పోయింది. చాలాసేపు మొహం కడుక్కుంది. ఇంటికి పోతుందనుకున్నాడు. పోయినా తప్పులేదనుకున్నాడు. ఆమె తిరిగొచ్చి, ఆయన మెడలోని హెడ్‌ఫోను లాక్కుని తన చెవులకు పెట్టుకుంది.

"నీ మీద కోపం పోలేదు. అమ్మకు కూడా నువ్వే చెప్పాలి" అని సీట్లో కూర్చుంది. "నేను వింటాను. చప్పుడున్నంతసేపూ చెయ్యెత్తుతాను. నువ్వు పెట్రోలు పెంచుతూ పో."

ఇంజను హోరెత్తింది. ఆమె చెయ్యెత్తింది. మేస్త్రి లాప్‌టాప్‌లో పెట్రోలు ఒక గడి పెంచాడు. చేయి దిగలేదు. ఇంకో గడి, ఇంకోటి. జీవితంలో మొదటిసారి ఆయన ఇంజను వైపు కాక మనిషి మొహం వైపు చూస్తూ పని చేస్తున్నాడు. నాలుగో గడికి ఆమె చేయి నెమ్మదిగా దిగింది.

"చప్పుడు పోయింది నాన్నా" అన్నట్టు పెదవులు కదిలాయి. తర్వాత ఆయన్ని అడక్కుండానే, ఆర్నెల్ల తర్వాత తొలిసారి, పెడలును నేలదాకా తొక్కింది.