గుడారంలో చెప్పాల్సిన మాట

మా గుడారంలో ఆకాశం నిలబడాలంటే ముందు నేను ఫ్యాన్ వెయ్యాలి.

మాది బడులకు తిరిగే ప్లానెటేరియం. దళసరి నల్లగుడ్డతో కుట్టిన గుడారాన్ని మడతపెట్టి వ్యానులో తీసుకెళ్తాం. బడి హాల్లో పరిచి, ఒక పక్క పెద్ద ఫ్యాన్ పెట్టి గాలి కొడితే బోర్లించిన గిన్నెలా లేస్తుంది. పిల్లలు గుడ్డ సొరంగంలోంచి పాకుతూ లోపలికి వెళ్తారు. నడుమ మా ఆయన శ్యాంబాబు గారు ప్రొజెక్టర్ పెట్టుకుని కూర్చుంటారు. దీపం ఆర్పితే చుక్కలు కనిపిస్తాయి. లోపల మాట ఆయనది, బయట గాలి నాది. గాలి ఆగితే ఆకాశం పిల్లల నెత్తిమీదకి దిగిపోతుంది కాబట్టి ఆట సాగినంతసేపూ నేను ఫ్యాన్ పక్కన పీట వేసుకుని కూర్చుంటాను. లోపలిది కనిపించదు గానీ అంతా వినిపిస్తుంది.

గ్రహణం ఆటలో ఆయన చెప్పేదంతా నాకు నోటికి వచ్చు. సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే వరసలోకి రావడం, నీడ పడటం, చంద్రుడు రాగి చెంబులా ఎర్రబడటం. ఆ తర్వాత ఒక మాట ఉంటుంది. "పెదవి చీలి పుట్టిన పిల్లల్ని గ్రహణం మొర్రి అంటారు. ఆ పెదవికీ గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు. ఆ తల్లి తప్పేమీ లేదు."

మా రాణి పుట్టిన తర్వాతే ఆ మాట ఆటలో చేరింది.

నేను పదో తరగతితో ఆగిపోయిన మనిషిని. దీపం పెట్టందే కాఫీ తాగను. గ్రహణం వస్తే పట్టు స్నానం, విడుపు స్నానం చేస్తాను, ఆవకాయ జాడీ మీద గరిక వేస్తాను. రాణి కడుపులో ఉండగా ఐదో నెలలో చంద్రగ్రహణం వచ్చింది. మా అత్తగారు అన్నపూర్ణమ్మ గారు తలుపులు మూసి, చాప పరిచి, వెల్లకిలా పడుకోమన్నారు. కత్తి ముట్టుకోవద్దు, కాలు ముడవద్దు, గోక్కోవద్దు అన్నారు. పడుకున్నాను. మెడ మీద చీమ పాకింది. తోలలేదు. రామనామం చేసుకుంటూ విడుపు దాకా కర్రలా ఉన్నాను.

రాణి పై పెదవి చీలి పుట్టింది. పురిటి మంచం దగ్గరే అత్తయ్యగారు, "కదిలి ఉంటావు," అన్నారు.

"కదల్లేదండీ."

"నీకు తెలీకుండానే గోక్కుని ఉంటావు. లేకపోతే ఎందుకొస్తుందే?"

పిల్లను చూడవచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ అదే చెప్పారు. మా కోడలు కదిలిందండి అని, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చినంత మామూలుగా చెప్పేవారు. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ మాత్రం, "పెదవి రెండో నెలలోనే కలవాలమ్మా. మీ గ్రహణం ఐదో నెలలో కదా, దానికీ దీనికీ ఏంటి?" అన్నారు. ఇంటికొచ్చి ఆ ముక్క చెబితే అత్తయ్యగారు, "డాక్టర్లకి శాస్త్రం తెలుసా?" అన్నారు. మా ఆయన అక్కడే కూర్చుని పేపరు చదువుతున్నారు. పేజీ తిప్పారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఏదో ఊళ్ళో ఆట జరుగుతుంటే గుడారం లోపలినుంచి ఆ మాట విన్నాను. తల్లి తప్పేమీ లేదు. నా మొహం చూసి ఆయన ఎప్పుడూ అనలేదు. చీకట్లో, పరాయి పిల్లలకి చెబుతున్నట్టు అన్నారు. ఫ్యాన్ హోరులో నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. అప్పట్నుంచీ ప్రతి ఆటలో ఆ మాట కోసం చెవి ఒగ్గి ఉంటాను. అది వచ్చాకే నా ఊపిరి కుదుటపడుతుంది.

ఈ ఫాల్గుణ పౌర్ణమికి చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడని పంచాంగంలో వచ్చింది. బడుల వాళ్ళు వరసగా పిలిచారు. మా రామచంద్రపురంలో రాణి చదివే బడి కూడా పిలిచింది. దాని కరస్పాండెంటు పల్లంరాజు గారు చెడ్డవారేం కాదు. పొద్దున మేము గుడారం పరుస్తుంటే వచ్చి, మా ఆయన భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి తీసుకెళ్ళారు. ఏం మాట్లాడుకున్నారో నేను పట్టించుకోలేదు.

మొదటి ఆట ఐదో తరగతికి. నేను పీట మీద కూర్చుని వింటున్నాను. నీడ పడింది. చంద్రుడు ఎర్రబడ్డాడు. మా ఆయన ఒక్క క్షణం ఆగారు. "ఇప్పుడు మనం శని దగ్గరికి వెళ్దాం," అన్నారు.

మర్చిపోయారేమో అనుకున్నాను. పిల్లలు పాకుతూ బయటికొచ్చి చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. ఫ్యాన్ చల్లారాలని స్విచ్చి ఆపి ప్లగ్గు తీశాను. గుడారం మెల్లగా నేలకి దిగింది.

"ఏమండీ, ఆ మాట మర్చిపోయారు."

ఆయన వైరు చుట్టుకుంటున్నారు. "మర్చిపోలేదు. రాజుగారు వద్దన్నారు. వాళ్ళ కోడలికి నెలలట. ఇంట్లో పెద్దవాళ్ళు పట్టింపుగా ఉన్నారట. పిల్లలు ఇళ్ళకెళ్ళి చెబితే గొడవలొస్తాయట. ఒక్క మాటే కదా, వదిలేద్దాం."

"ఒక్క మాటే కదా, చెప్పొచ్చుగా?"

"ఇక్కడ వద్దు దుర్గా. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో మీరు మాట్లాడరు కదండీ. పేపరు చదువుకుంటారు."

ఆయన నావైపు చూడలేదు. నాకు కోపం వస్తే గొంతు లేవదు. ప్లగ్గు చేతిలో పట్టుకుని పీట మీద కూర్చున్నాను.

ఇంతలో మూడో తరగతి వరసకట్టి వచ్చింది. ముందు సువార్తమ్మ టీచరు, మధ్యలో మా రాణి. పక్క పిల్లలకి గుడారం చూపించి ఇది మాదే అంటోంది. వెనకనుంచి ఒకడు, "ఏయ్ మొర్రీ, లోపల మీ నాన్న చాక్లెట్లిస్తారా?" అన్నాడు.

"చాక్లెట్లేం లేవు. శనిని చూపిస్తారు. అచ్చం నీలాగే ఉంటాడు," అంది రాణి.

పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు. దానికి ఆ పేరు అలవాటైపోయింది. ఒక పిల్లకి అలాంటి పేరు అలవాటు కావడం నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు.

"ఫ్యాన్ వెయ్యి," అన్నారు మా ఆయన.

"వెయ్యను."

"ఏంటిది?"

"ఆ మాట చెబుతానంటే వేస్తాను."

ఆయన గొంతు తగ్గించి దగ్గరికి వచ్చారు. "పిల్లల ముందు నా పరువు తీస్తావా?"

"నా పరువు ఊరందరి ముందూ పోయిందండీ. అప్పుడు మీకు పరువు గుర్తు రాలేదు."

"నువ్వేమో ఇంట్లో గరికలూ స్నానాలూ అంటావు. ఇక్కడికొచ్చి నాకు సైన్సు చెబుతున్నావా?"

"పొద్దున వ్యాను చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించారు. అది ఏ సైన్సండీ?"

"అది వేరు."

"వేరే. నిమ్మకాయ ఎవర్నీ ఏమీ అనదు. గరికా అనదు."

సువార్తమ్మ టీచరు పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టి, వినపడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. పల్లంరాజు గారు వచ్చారు. "ఏంటమ్మా ఆలస్యం? కరెంటు పోయిందా?"

"కరెంటు ఉందండి. నేనే వెయ్యలేదు."

మా ఆయన ఏదో సర్దబోయారు గానీ రాజుగారికి అర్థమైంది. ఆయన మెత్తగానే మాట్లాడారు. "మీరూ భక్తులే కదమ్మా. కార్తీకమంతా గుళ్ళో మిమ్మల్ని చూస్తూనే ఉన్నాను. మన ఆచారాల్ని మనమే పిల్లల ముందు తీసిపారేస్తే ఎలా?"

"ఆచారం నేనూ చేస్తానండి. గ్రహణం రోజు అందరికంటే ముందు మా ఇంట్లోనే పొయ్యి ఆరుతుంది. స్నానం చెయ్యమన్నారు, చేస్తాను. జపం చెయ్యమన్నారు, చేస్తాను. పిల్ల పెదవి చీలితే తల్లిని తిట్టమని ఎక్కడ ఉందండి? నాకు తెలీకే అడుగుతున్నాను. మా పంతులు గారినీ అడిగాను. అలాంటిదేమీ లేదమ్మా, ఎవరో అనుకున్న మాట అన్నారు."

"అది కాదమ్మా. మా కోడలు అసలే భయంతో ఉంది..."

"నేను చెప్పేదీ మీ కోడలి గురించేనండి."

ఆయన నా మొహంలోకి, తర్వాత వరసలో ఉన్న రాణి మొహంలోకి చూశారు. వాచీ చూసుకున్నారు. "భోజనాల బెల్లు కొట్టేస్తారు. ఏదో ఒకటి తొందరగా కానివ్వండి," అని వెళ్ళిపోయారు. అది అవునో కాదో ఆయనకే తెలియాలి.

"చెబుతాను," అన్నారు మా ఆయన పళ్ళ మధ్య నుంచి. "వెయ్యి."

వేశాను. గుడారం లేచింది. పిల్లలు ఒకరి వెనక ఒకరు పాకి లోపలికెళ్ళారు. రాణి సొరంగంలో దూరబోతూ వెనక్కి తిరిగి నన్ను చూసి కనుబొమ్మలెగరేసింది. నేను పీట గుడారానికి ఇంకా దగ్గరగా జరుపుకున్నాను.

నీడ పడింది. చంద్రుడు ఎర్రబడ్డాడు. పిల్లలు ఓ అన్నారు. మా ఆయన గొంతు వినిపించింది.

"పెదవి చీలి పుట్టడానికీ గ్రహణానికీ సంబంధం లేదు. సరే, ఇప్పుడు మనం శని దగ్గరికి..."

రెండో ముక్క రాలేదు. తల్లి మాట రాలేదు. నేనున్న ముక్కనే ఆయన మింగేశారు.

ఆట నడుమ సొరంగం తెరవకూడదు. వెలుతురు పడితే చుక్కలు చెరిగిపోతాయి, గాలీ పోతుంది. పెళ్ళయినప్పట్నుంచీ నేను కాపాడుకొచ్చిన నియమం అది. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, మోకాళ్ళ మీద పాకుతూ లోపలికి వెళ్ళాను.

నా చుట్టూ చుక్కలే. పిల్లల తలలు నల్లగా కనిపిస్తున్నాయి. రాణి ఎక్కడుందో తెలియలేదు. అదే నయమనుకున్నాను. దాన్ని వేలెత్తి చూపించినట్టు ఉండకూడదు.

"ఎవరది? తలుపు మూయండి," అన్నారు మా ఆయన.

"నేనేనండి. మీరు సగం చెప్పారు. మిగతా సగం నేను చెబుతాను." నేను మోకాళ్ళ మీద నిలబడ్డాను. "పిల్లలూ, పెదవి అలా పుడితే తల్లి తప్పేమీ లేదు. గ్రహణం రోజు కదలకుండా పడుకున్న తల్లికీ అలా పుట్టొచ్చు. మీ ఇంట్లో స్నానం చెయ్యమంటే చెయ్యండి. గరిక తెమ్మంటే తెండి. దేవుడికి దణ్ణం పెట్టుకోండి. తల్లిని మాత్రం ఏమీ అనకండి."

చీకట్లోంచి ఒక పిల్ల అడిగింది. "మరి ఎవరి తప్పండీ?"

నేను ఆలోచించాను. పెద్దవాళ్ళెవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. వాళ్ళకి ముందే తెలుసు.

"ఎవరిదీ కాదమ్మా. వాన కురవకపోతే ఎవరి తప్పు? ఇదీ అంతే. కొందరికి కలవదు. డాక్టర్లు కలుపుతారు."

"నాకు కలిపారు," అంది రాణి గొంతు, ఎడమవైపు నుంచి. "ఇప్పుడు ఈల కూడా వస్తుంది."

వేసింది. సన్నగా, పొడుగ్గా. క్షణంలో గుడారమంతా ఈలలే. చొంగ తప్ప ఈల రానివాళ్ళు కూడా ఊదుతున్నారు. "ఏయ్, సైలెన్స్," అని సువార్తమ్మ టీచరు అరుస్తున్నారు గానీ ఆవిడ గొంతులోనూ నవ్వు ఉంది. నేను తెరిచిపెట్టిన దారిలోంచి గాలి పోతోంది. ఆకాశం ఒక పక్క జారి పిల్లల తలలకి తగులుతోంది.

"గాలి పోతోంది, గాలి," అన్నారు మా ఆయన. "నువ్వు లోపలికొస్తే ఫ్యాన్ ఎవరు చూస్తారు?"

బయటికొచ్చి సొరంగం మూశాను. ఆకాశం మళ్ళీ లేచింది.

వ్యానులో ఇంటికి బయల్దేరాం. రాణి వెనక సీట్లో గుడారం మూట మీద నిద్రపోయింది. కాలవ వంతెన దాటాక నేనే అడిగాను. "రెండో ముక్క ఎందుకు మింగేశారు? రాజుగారు వెళ్ళిపోయారు కదా."

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "రాణి లోపల ఉంది. ఇంటికెళ్ళి మా అమ్మకి చెప్పేస్తుంది. నాన్న ఇలా అన్నాడని."

ఇన్నేళ్ళూ ఆ మాట నా కోసం చెబుతున్నారనుకున్నాను. ఊరూరా తిరిగి, వాళ్ళమ్మకి వినపడని చోట చూసుకుని మరీ చెప్పారు. నేను ఆ మాట కోసం ఫ్యాన్ పక్కన చెవి ఒగ్గి కూర్చున్నాను. కోపం తగ్గిందనుకున్నది కాస్తా మళ్ళీ మొదటికొచ్చింది. దేవుడా, మంచివాళ్ళ మౌనానికి ప్రాయశ్చిత్తం ఏమైనా ఉందా అని లోపలే అడిగాను. దేవుడు కూడా వెంటనే జవాబు చెప్పే రకం కాదు.

గ్రహణం రోజు మధ్యాహ్నమే పొయ్యి ఆర్పేశాం. అత్తయ్యగారు ఫోన్ పట్టుకుని నరసాపురంలో ఉన్న మా తోటికోడలు వీరవేణితో మాట్లాడుతున్నారు. దానికి ఆరో నెల. "తలుపులు వేసుకో. వెల్లకిలా పడుకో. కాలు ముడిచావో, మీ అక్కకి ఏమైందో తెలుసుగా."

మా ఆయన పేపరు పట్టుకుని కుర్చీలో ఉన్నారు.

నేను అత్తయ్యగారి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. ఆ ఇంట్లో ఆవిడ చేతిలోంచి నేను ఏదైనా లాక్కోవడం అదే మొదలు.

"వేణీ, నేను. పడుకుంటే పడుకోమ్మా, విశ్రాంతే. రామా అనుకో. కాలు ముడుచుకోవాలనిపిస్తే ముడుచుకో. చీమ కుడితే గోక్కో. నీ బిడ్డకి ఏమీ కాదు. ఏదైనా అయినా అది నీవల్ల కాదు. ఎవరైనా నిన్ను ఒక్క మాట అంటే నాకు ఫోన్ చెయ్యి."

అవతల వీరవేణి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "సరే అక్కా," అంది.

ఫోన్ పెట్టేశాను. అత్తయ్యగారు నన్నే చూస్తున్నారు. "అయితే నీకెందుకు అలా పుట్టిందే?"

"నాకు తెలీదండీ. మీకూ తెలీదు."

పేపరు చప్పుడు ఆగింది. ఆయన ఏమైనా అంటారేమోనని ఒక్క క్షణం చూశాను. పేపరు అలాగే ఉంది. పెరట్లోకి వెళ్ళి గరిక కోసి తెచ్చాను. ఆవకాయ జాడీ మీద రెండు పోచలు వేశాను. సాయంత్రం కొబ్బరిచెట్ల మీదుగా చంద్రుడు ఒక పక్క నల్లగా పైకొచ్చాడు. మేడ మీంచి రాణి ఈల వేసింది.