నక్కవుల్లిగడ్డలు, పుట్టగొడుగులు

బిక్షమ్మ గోనెపట్టా మీద నక్కవుల్లిగడ్డలను పేరుస్తోంది, పెద్దవి ముందుకు, చిన్నవి వెనక్కి. రాళ్లలో తవ్వితవ్వి ఆమె వేళ్లు కణుపుల దగ్గర ఉబ్బిపోయాయి. గడ్డల జిగురుకు అరచేతులు ఎప్పుడూ దురదే. భువనగిరి బస్టాండు గోడవారన పన్నెండేళ్లుగా అదే జాగా. మడమనొప్పివాళ్లు, ఆనెలు లేచినవాళ్లు తప్ప ఎవరూ ఆగరు. కూరకు పనికిరాని చేదుగడ్డ అది.

ఆమె తోడికోడలు నర్సింగమ్మ వచ్చి పక్కన గంప దించింది. రాత్రి ఉరుముల వానకు గుట్టమీది పుట్టల్లో లేచిన తెల్లటి పుట్టగొడుగులు. అప్పుడే నలుగురు మూగారు.

పుట్టలున్న ఆ చోటును అత్త పోయేముందు చిన్నకోడలికే చూపించింది. అత్త మడమలకు గడ్డ కాచి కట్టింది మాత్రం బిక్షమ్మ.

"నాయి యాడాదంత ఉంటయి, ఎవ్వలు చూడరు. నీయి నాలుగొద్దులు లేస్తయి, ఊరంత ఎగబడ్తది" అంది బిక్షమ్మ వాళ్లు కొనుక్కుని పోయాక, నవ్వుతున్నట్టే.

"పొద్దుగూకేవరకు నల్లబడ్తయి గదక్కా. నీ గడ్డలకు గా ఫికర్ లేదు." నర్సింగమ్మ రొమ్ము రుద్దుకుంది. "పానం మంచిగ లేదు. జర కన్ను మూస్త. ఎవరన్న వస్తే లేపు."

"పండుకో."

నర్సింగమ్మ గోడకు తల ఆనించింది.

కాసేపటికి ఒక టీచరమ్మ స్కూటరు ఆపింది. బిక్షమ్మ పక్కకు చూసింది. లేపలేదు.

"అవి నిన్నటియి అమ్మా. పురుగు వట్టినయి."

ఆమె వెళ్లిపోయింది. బిక్షమ్మకు కడుపు చల్లబడినట్టయింది. తర్వాత వచ్చిన ముసలాయనకూ అదే చెప్పింది. ఆ తర్వాత జంటగా వచ్చినవాళ్లకూ అదే మాట. ఎండ ఎక్కేకొద్దీ గొడుగుల అంచులు ముడుచుకుని, అడుగున రేకులు గోధుమరంగుకు తిరిగాయి. అత్త ఇప్పుడు చూడాలి అనుకుంది బిక్షమ్మ.

మూడు గంటలప్పుడు నర్సింగమ్మ పెదవి మీద ఈగ వాలింది. అది ఎంతసేపైనా లేవలేదు.

"నర్సింగీ?"

భుజం తట్టింది. తల పక్కకు ఒరిగింది. చెయ్యి చల్లగా, బరువుగా ఉంది.

ఎవరో ఫోను చేస్తే మరిది లింగస్వామి ఆటోలో ఉరికొచ్చాడు. "ఎప్పటిసంది గిట్లున్నది వదినా?"

ఆమె చూపు గంప మీదికి తిప్పుకుంది. "గిప్పుడే... గిప్పుడే కన్ను మూసింది."

నలుగురు పట్టి ఆటోలోకి ఎక్కించారు. లింగస్వామి తన భార్య తలను ఒళ్లో పెట్టుకున్నాడు. బిక్షమ్మ కూడా ఎక్కబోయింది, జాగా లేదు.

ఆటో మలుపు తిరిగింది. గోడవారన, నర్సింగమ్మ కూర్చున్న చోట, పొద్దున గుడ్డతో బిగించి తెచ్చుకున్న సద్దిగిన్నె మూత తీయకుండానే ఉంది.