కిడ్నీ వార్డు మీది తెల్లపూత

కిడ్నీ వార్డులోకి పెద్ద పెద్ద కూలర్లు మోసుకొస్తున్నారని హెడ్ నర్సు వచ్చి చెబితే డాక్టరమ్మ మొదట నమ్మలేదు. కూలర్ల కోసం ఆమె ఎక్కని మెట్టు లేదు, అడగని అధికారి లేడు. నోరు నొప్పి పుట్టడం తప్ప ఫలితం లేకపోయింది. అలాంటిది అడగకుండానే వచ్చాయంటే ఎవరికి దయ పుట్టిందో చూద్దామని బయల్దేరింది.

కూలర్లు నిజంగానే వచ్చాయి. మనుషులు వాటిని మంచాల వెనక గోడవారగా సర్దుతున్నారు. సర్దిన ప్రతిదాని ముందూ, రోగులకు బట్టలు మార్చేటప్పుడు అడ్డం పెట్టే ఆకుపచ్చ తెర ఒకటి నిలబెడుతున్నారు.

"తెరలెందుకు?" అని అడిగింది.

"ఫొటోల్లో పడకూడదన్నారండి," అన్నాడు వాళ్లలో ఒకడు చెమట తుడుచుకుంటూ. "రేపు పొద్దున్నే వచ్చి పట్టుకుపోతాం. మీకేం అడ్డం ఉండదు."

"ఎవరు పంపారు?"

"పరిశోధన సంస్థ డైరెక్టరు గారండి. ఇంకాసేపట్లో పత్రికల వాళ్లు వస్తారంట కదా."

డాక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ సంస్థలోనే ఆమె చెల్లెలు పనిచేస్తోంది. భౌతిక శాస్త్రం చదువుకుని, ఏళ్ల తరబడి ఒక తెల్లపూత మీదే తలమునకలై ఉంది. చూడటానికి అది మామూలు సున్నంలాగే ఉంటుంది. కానీ అందులో కంటికి ఆనని సన్న రంధ్రాలు కోకొల్లలు. అవి ఎండను వచ్చిన దారినే తిప్పికొడతాయి. కప్పుకు ఎక్కిన వేడిని కూడా ఆ పూత కనిపించని కిరణాలుగా ఆకాశంలోకి పంపేస్తుంది. కరెంటు ఖర్చు లేకుండా గది చల్లబడుతుంది.

ఏటికేడు ఎండలు ముదురుతున్నాయి. బయట పనిచేసేవాళ్లు ఒంట్లో నీరు ఇంకిపోయి, కిడ్నీలు దెబ్బతిని ఈ వార్డుకు చేరుతున్నారు. పడుకున్న గదే పెనంలా కాలుతుంటే మందులు మాత్రం ఏం చేస్తాయి? అందుకే అక్క తన వార్డు కప్పు చూపించింది, చెల్లెలు పూత వేయించింది. మొదటి వేసవిలో గది చల్లబడింది. రోగుల రక్త పరీక్షల్లో కూడా మెరుగు కనిపించింది. అక్కాచెల్లెళ్లిద్దరూ చిన్నపిల్లల్లా సంబరపడ్డారు. రెండో వేసవికి కథ అడ్డం తిరిగింది. పక్కనే ఉన్న బాయిలరు పొగగొట్టం నుంచి మసి వచ్చి ఆ సన్న రంధ్రాల్లోకి దూరింది. ఎంత కడిగినా వదల్లేదు. గది మళ్లీ కొలిమి అయింది. ఆ వేసవి పరీక్షల ఫలితాలు కూడా అక్క దాచకుండా చెల్లెలికి పంపింది.

కూలర్లు తిరగడం మొదలుపెట్టాయి. మూల మంచం మీద ఉన్న తారు మేస్త్రీ మెల్లిగా అటు తిరిగి, గాలికి మొహం అప్పగించాడు. ఎన్నో ఏళ్లు రోడ్లు వేసి, సలసల కాగే తారు పక్కన నిలబడి, కిడ్నీలు పాడుచేసుకున్న మనిషి.

"ఇవి ఉంటాయా డాక్టరమ్మా?" అన్నాడు. "ఉంటాయంటే కాసేపు కునుకు తీస్తా. తీసుకుపోతారంటే మాత్రం మేలుకునే ఉంటా. ఈ గాలి నిద్రలో పోగొట్టుకోవడం దేనికి."

అంతలో గుమ్మంలో చెల్లెలు కనిపించింది. డాక్టరమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని వసారాలోకి లాక్కెళ్లింది.

"ఏమిటే ఇదంతా?"

"పూత మీద రాసిన వ్యాసం అచ్చయింది అక్కా. అందుకని డైరెక్టరు గారు వార్డు చూపిస్తామని పత్రికల వాళ్లను పిలిచారు. మన ఇద్దరి పేర్లూ ఉన్నాయి."

"రెండో వేసవి సంగతి ఉందా అందులో?"

చెల్లెలు నేల చూపులు చూసింది.

"నిన్నే అడుగుతున్నా."

"తీసేశారు. ఈ కప్పు పక్కన పొగగొట్టం ఉంది కాబట్టి ఆ వేసవి కొలతలు లెక్కలోకి రావన్నారు. తర్వాతి వ్యాసంలో వేద్దాంలే అన్నారు. నేను గొడవపడ్డాను అక్కా. నువ్వు ఉండాలో పోవాలో తేల్చుకో అన్నారు."

"నువ్వు ఉండాలని తేల్చుకున్నావు. నాకు ఒక్క మాట చెప్పడానికి నీకు నోరు రాలేదు."

"చెప్తే నువ్వు ఊరుకోవుగా."

"ఊరుకోనని తెలిసే చెప్పలేదన్నమాట." డాక్టరమ్మ గొంతు పెంచింది. "ఊళ్లో పొగగొట్టం లేని చోటెక్కడుందే? కూలీలుండే ఇళ్లన్నీ ఫ్యాక్టరీల పక్కనే కదా. రేపు వాళ్ల కప్పులకు ఈ పూత పూసి, మీకిక చల్లగా ఉంటుంది పొమ్మంటారు. అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. వాళ్లు మళ్లీ నా దగ్గరికే వస్తారు. అప్పుడు నీ వ్యాసం చదివి వినిపించనా?"

చెల్లెలి కళ్లు ఎర్రబడ్డాయి. "నా మీద అరిస్తే ఏమొస్తుంది?"

"ఇంకెవరి మీద అరవాలో చెప్పు, వాళ్ల మీదే అరుస్తాను."

అప్పుడే మెట్ల దగ్గర సందడి వినిపించింది. డైరెక్టరు గారు విలేఖరులను వెంటబెట్టుకుని వచ్చేశారు. ఆయన మాటకారి. వార్డు మధ్యలో నిలబడి, చేతులు పైకి చాచి కప్పు చూపిస్తూ చెప్పుకుపోయారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోందనీ, లోపల హాయిగా ఉందనీ, శాస్త్రం అంటే ఇదేననీ, త్వరలో కూలీల ఇళ్లన్నిటికీ ఈ పూత వేసే పథకం వస్తుందనీ అన్నారు. విలేఖరులు నిజమేనన్నట్టు తలలాడించారు. నిజంగానే చల్లగా ఉంది మరి.

డాక్టరమ్మ మొదటి మంచం దగ్గరికి నడిచి ఆకుపచ్చ తెరను పక్కకు లాగింది. తర్వాత రెండోది లాగింది. చక్రాలు కిర్రుమన్నాయి. ఒక్కో కూలరూ బయటపడుతుంటే కెమెరాలు డైరెక్టరు గారిని వదిలి అటు తిరిగాయి.

డైరెక్టరు గారు నవ్వు చెదరనివ్వలేదు. "అవి రోగుల సౌకర్యం కోసం అదనంగా ఏర్పాటు చేశాం."

"చాలా సంతోషం సార్," అంది డాక్టరమ్మ. "అయితే ఇవి ఇక్కడే ఉంటాయన్నమాట. రేపు పొద్దున తీసుకుపోతామని మీ వాళ్లు పొరపాటున అన్నారు కాబోలు. వేసవి అయ్యేదాకా ఉంటాయని వీళ్లందరి ముందూ ఒకసారి చెప్పండి."

మేస్త్రీ మోచేతి మీద కొంచెం లేచి ఆయన వైపు చూశాడు. మిగతా మంచాల వాళ్లూ చూశారు.

"ఉంటాయి," అన్నారు డైరెక్టరు గారు. ఆ మాట పంటి కింద రాయిలా బయటికొచ్చింది.

ఒక విలేఖరి చెల్లెలి వైపు తిరిగింది. "ఈ పూత తయారు చేసింది మీరే కదా. మరి కూలర్లు ఎందుకు అవసరమయ్యాయి?"

"దానికి నేను చెప్తాను," అన్నారు డైరెక్టరు గారు.

"నేనడిగింది ఆవిణ్ణి సార్."

చెల్లెలు అక్క వైపు చూసింది. అక్క మొహంలో జాలి లేదు, ప్రోత్సాహమూ లేదు. ఇక దాచి లాభం లేదని చెల్లెలు నోరు విప్పింది. పూత మంచిదేననీ, మసి పట్టనంత వరకు బ్రహ్మాండంగా పనిచేస్తుందనీ, ఈ కప్పు మీద మాత్రం పనిచేయడం మానేసిందనీ చెప్పింది. "రెండో వేసవి కొలతలు వ్యాసంలోంచి తీసేశారు. అది తప్పు. తెలిసీ నేను నోరు మూసుకున్నాను, అదీ తప్పే. మసిపూసి మారేడుకాయ చేశాం. రోగుల పరీక్షలతో అలాంటి పని చేయకూడదు."

డైరెక్టరు గారు ఆమె వైపు చూసిన చూపుకు పచ్చగడ్డి కూడా భగ్గుమంటుంది. పరిశోధన అన్నాక అభిప్రాయ భేదాలు ఉంటాయని రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోయారు.

మర్నాడు చాలా పత్రికలు చల్లని వార్డు ఫొటోనే వేశాయి. ఆ విలేఖరి పనిచేసే పత్రిక ఒక్కటే అసలు సంగతి రాసింది. అదే చాలింది. అక్కాచెల్లెళ్లు తమ పేర్లు తొలగించమని పట్టుబట్టడంతో వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. కూలీల ఇళ్లకు పూత వేసే పథకం ఆగిపోయింది. డైరెక్టరు గారికి ఏమీ కాలేదు. ఆయన కుర్చీ ఆయనకే ఉంది. చెల్లెలిని మాత్రం ప్రయోగశాల నుంచి తప్పించి, తాళం చెవులు తీసుకున్నారు.

కూలర్లు తీసుకుపోవడానికి మనుషులు రానే వచ్చారు. డాక్టరమ్మ వార్డు తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని, అక్కడి నుంచే మందులు రాసింది. హెడ్ నర్సు ఆమె పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. వాళ్లు కాసేపు చూసి ఉత్త చేతులతో పోయారు.

మేస్త్రీ కొంచెం కోలుకుని ఇంటికి వెళ్లాడు. వర్షాలు మొదలయ్యే ముందే మళ్లీ తారు పనికి పోయాడని తెలిసి డాక్టరమ్మ, అతను పరీక్షకు వచ్చిన రోజు కసిరింది.

"ఎండలోకి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

"రోడ్డు నీడలో వేయమంటే వేస్తా డాక్టరమ్మా. ఎక్కడుందో చూపించండి," అన్నాడతను.

ఆమె మందు చీటీ రాసిచ్చింది. రాస్తుంటే కలం ములుకు కాగితంలోకి దిగింది.

అక్క చాలాకాలం చెల్లెలితో పొడి పొడిగానే మాట్లాడింది. చెల్లెలు ఒక చిన్న కళాశాలలో చేరి, మసి అంటని పూత కోసం మళ్లీ మొదటి నుంచీ పని మొదలుపెట్టింది. ఒకరోజు ఫోన్ చేసి, కొత్త పూతను పరీక్షించడానికి వార్డు కప్పు ఇస్తావా అని అడిగింది.

"ఇస్తాను," అంది అక్క. "కానీ కొలతలు నేను తీస్తాను. మంచివైనా చెడ్డవైనా ప్రతి నెలా నేనే బయటపెడతాను. నిన్ను అడగను."

"అడగొద్దు," అంది చెల్లెలు.

"సరే అయితే. ఆదివారం రా. ముందు ఆ పాత పూత గీకాలి."