చెవులు చూపించుకోవడానికి వెళ్తే

ఉద్యోగమంతా బస్సు నడిపి రిటైరయ్యేసరికి ఇంజను మోత నా చెవుల్ని తినేసింది. మా కోడలు "సంచి ఏది మామయ్యా?" అంటే "మంచిదే" అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. ఎందుకో తెలియకపోయినా నేనూ నవ్వేవాణ్ణి.

మా మనవరాలు ఒక్కతే నా చెవిలో అరిచేది కాదు. ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి, నిదానంగా చెప్పేది. పుట్టి మాటలొచ్చినప్పటినుంచీ నోరు మూతపడదని దాన్ని పిచ్చుక అంటాం. యూనివర్సిటీలో భాషాశాస్త్రం చివరి ఏడాది చదువుతోంది. "ఆ చదువుకి ఉద్యోగం ఎవరిస్తారమ్మా?" అని చుట్టాలు అడిగినప్పుడల్లా దాని మొహం చిన్నబోయేది.

నన్ను ప్రైవేటు ఆసుపత్రిలో చెవి పరీక్షకు తీసుకెళ్ళింది అదే. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, వినబడిన మాటను తిరిగి చెప్పమన్నారు. నేను తప్పు చెప్పినప్పుడల్లా బయట పిచ్చుక తనలో తనే తలాడిస్తోందట. పరీక్ష చేసే మేడమ్ అది గమనించింది.

"ఏంటమ్మా అలా తలాడిస్తున్నావ్?"

"తాతయ్యకి స, శ, చ సరిగ్గా అందట్లేదనిపిస్తోంది మేడమ్. మిగతావి బాగానే పట్టుకుంటున్నారు."

అది ఏం చదువుతోందో అడిగి తెలుసుకుని, మేడమ్ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మరి ఇటువైపు ఉద్యోగం చూసుకోకూడదా?"

"ఆసుపత్రిలో డాక్టర్లూ నర్సులే కదండీ."

"పరీక్షలు చెయ్యాలంటే వేరే చదువుంది, నిజమే. కానీ చెవికి వినికిడి మెషిన్ పెట్టుకున్నవాళ్ళకి అది అలవాటయ్యేదాకా వెంట ఉండేవాళ్ళు కావాలి. ఇంట్లోవాళ్ళకి నచ్చజెప్పేవాళ్ళు కావాలి. మీ ప్రొఫెసర్‌ని అడిగి ప్రాజెక్టు ఇక్కడ చేసుకో. పని దగ్గర్నుంచి చూడు. నచ్చితే అప్పుడు ఆలోచిద్దువుగాని."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆవిడ అడగకుండానే పెట్టింది.

నా చెవికీ ఒక మెషిన్ అమర్చారు. దాన్ని కొనుక్కుని కూడా చాలామంది సొరుగులో ఎందుకు పడేస్తారన్నది పిచ్చుక ప్రాజెక్టు. ఆసుపత్రి వాళ్ళు ముందుగా అడిగి, సరేనన్నవాళ్ళ దగ్గరికే పంపేవారు. వాళ్ళలో ఒక దర్జీ ఉన్నాడు.

"పెట్టుకుంటే కుట్టుమిషను నా బుర్రలోనే నడుస్తున్నట్టుంది తల్లీ. చెవుడే నయం," అన్నాడట.

అది మధ్యాహ్నమంతా ఆయన కొట్లో కూర్చుంది. ఏ చప్పుడు చిరాకు పెడుతోందో, ఏ మాట అందట్లేదో కనిపెట్టి వచ్చి మేడమ్‌కి చెప్పింది. మేడమ్ ఆయన్ని పిలిపించి మోత తగ్గేలా సరిచేసింది. ముందు ఇంట్లో కాసేపు, తర్వాత కొట్లో కాసేపు పెట్టుకోమని పిచ్చుక దగ్గరుండి అలవాటు చేసింది. కొన్నాళ్ళకు ఆయనే ఫోన్ చేసి, మనవడు చదివే పాఠం వినబడుతోందని చెప్పాడు. ఫోన్ పెట్టేశాక పిల్ల కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఉద్యోగాలకు మాత్రం ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఒకటి మేడమ్‌కి చూపించింది. ఆవిడ చదివి నవ్వింది.

"నువ్వు చదివినవన్నీ రాశావ్. వాళ్ళకేం చేసిపెట్టగలవో ఒక్క ముక్క లేదు. మన దర్జీ ఏడమ్మా ఇందులో?"

అది మళ్ళీ రాసింది. ఈసారి ఊరవతల ఉన్న మరో ఆసుపత్రి ఇంటర్వ్యూకి పిలిచింది. మా కోడలు వారం పాటు వంటింట్లోనే ప్రశ్నలడిగి తయారు చేసింది. అక్కడ పెద్ద డాక్టరు సూటిగానే అడిగాడట.

"నీది మెడికల్ చదువు కాదు. పేషెంటు చెవి నొప్పంటే ఏం చేస్తావ్?"

"నాకు తెలియదని ఒప్పుకుని, వెంటనే తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్తానండీ. కానీ వినబడని మనిషితో ఎలా మాట్లాడాలో నాకు తెలుసు," అని దర్జీ సంగతి చెప్పింది.

మెషిన్లు పెట్టుకున్నవాళ్ళ బాగోగులు చూసే ఉద్యోగం ఇచ్చారు. కావలసిన శిక్షణ కూడా వాళ్ళే ఇప్పిస్తామన్నారు.

మేడమ్‌ని కలిసి ఒక మాట చెప్పి రావాలని నేనే పట్టుబట్టాను. ఇద్దరం వెళ్ళాం. ఆవిడ ఎదుటికి రాగానే రెండు చేతులూ జోడించాను.

"అయ్యో, పెద్దవారు మీరు," అంటూ ఆవిడ నా చేతులు పట్టుకుంది. తర్వాత పిచ్చుక వైపు తిరిగింది. "నీ కృతజ్ఞత నాకు ఇంకోలా కావాలి. సైకాలజీ చదివే అమ్మాయి ఒకతి నా దగ్గరికి వస్తోంది. నీలాగే దారి తెలియక తికమకపడుతోంది. కాస్త కూర్చోబెట్టుకుని చెప్తావా?"

"పంపించండి మేడమ్," అంది పిచ్చుక.

ఆ అమ్మాయి ఇప్పుడు మా ముందుగదిలోనే ఉంది. ఇద్దరూ దరఖాస్తు మీద పడి, ఒకటి రాసి రెండు కొట్టేస్తున్నారు. నన్నూ కూర్చోమన్నారు. కుర్చీ తెచ్చుకుంటున్నాను.