స్టష్ కుర్చీ

రెనాటా హవ్రిలా చేసిన రోబోలన్నీ బాగానే పనిచేశాయి. ఆమె చేరిన కంపెనీలే పనిచేయలేదు. మురుగు గొట్టాల్లో పాకే రోబో చేసింది, కంపెనీ మునిగింది. స్ట్రాబెర్రీలు నలగకుండా కోసే రోబో చేసింది, మొదటి బుట్ట నిండేలోపే ఆఫీసుకు తాళం పడింది. ఆ రెండు చోట్లా ఆమె పక్కన ఉన్నది నేనే. నా పేరు డొమినిక్, చక్రాలు, మోటార్లు నా పని. మా ఇద్దరిలో ఒకరిది ఐరన్ లెగ్ అని మా అమ్మ నమ్మకం. ఎవరిదో మాత్రం ఆవిడ చెప్పదు, భోజనానికి ఇద్దరం వస్తాం కాబట్టి.

మూడోసారి రెనాటా సొంతంగా ల్యాబ్ పెట్టింది. లారెన్స్‌విల్‌లో మూతపడిన ఇనుప ఫౌండ్రీ ఒకటి అద్దెకు తీసుకుని, మంచు ఎత్తిపోసే రోబో మొదలుపెట్టింది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని సామెత. రెనాటా పరిశోధన అంతా ఆ ఒక్క మాటే. యంత్రానికి ఏ పనీ చెప్పకూడదు, చేసేవాడి పక్కన నిలబెట్టాలి, అది చూసి నేర్చుకోవాలి. సమావేశాల్లో ఈ మాట చెప్పినప్పుడల్లా పెద్దలు తల ఊపి, కాఫీకి వెళ్లిపోయేవారు.

పక్కన నిలబెట్టడానికి ఆమెకు దొరికినవాడు స్టష్ గ్రబోవ్‌స్కీ. కొండ మీద పోలిష్ హిల్ పేటలో రెనాటా ఇంటికి ఎదురిల్లు ఆయనది. ఉక్కు మిల్లులో చేసి రిటైరైన మనిషి. రెండు శీతాకాలాలు ఆయన పారతో మంచు ఎత్తుతుంటే, ఫ్రిజ్ అంత రోబో రెండు చేతులూ వేలాడేసుకుని పక్కన నిలబడి చూసింది. ఒంగి సాయం చేయకుండా ఊరికే చూస్తోందని ఆయన దానికి తన బావమరిది పేరు పెట్టాడు. చెస్టర్.

"చూడరా బామ్మర్దీ, చూడు. నీకు వచ్చింది అదొక్కటేగా" అనేవాడు.

నిజం బావమరిది ఎదురుగా ఉన్నప్పుడు కూడా ఇదే మాట అనేవాడు. మొన్న అక్టోబరులో స్టష్ పోయాడు. ఆయన భార్య బెర్నీస్ కారు అమ్మేసింది, ఆవిడకు నడపడం రాదు.

జనవరిలో మోకాలి లోతు మంచు పడింది. మర్నాడు పొద్దున ఎండల ఊరు ఫీనిక్స్ నుంచి బ్రైస్ కాల్డర్ వచ్చాడు. చలి ఊళ్ల మున్సిపాలిటీలకు యంత్రాలు అమ్మే కంపెనీ తరఫు మనిషి. మంచును దగ్గరగా చూడటం ఇదే మొదటిసారని తనే చెప్పాడు. కాళ్లకు పెళ్లికి వేసుకునే బూట్లు. చెస్టర్ ఆయనకు నచ్చితే ల్యాబ్ నిలబడుతుంది. నచ్చకపోతే నెలాఖరుకు తలుపులు మూసి, చెస్టర్‌ను విడిభాగాలుగా అమ్మి, రెనాటా క్లీవ్‌లాండ్‌లో సీసాలకు మూతలు బిగించే యంత్రాల దగ్గర ఉద్యోగంలో చేరాలి. వాళ్లు పిలిచి చాలా రోజులైంది, జవాబు కోసం చూస్తున్నారు. మూతల సంగతి ఎలా ఉన్నా, క్లీవ్‌లాండ్ అంటే మా ఊరికి ఎప్పుడూ పడదు.

స్టష్ వాళ్ల వీధిలో చర్చి మలుపు దగ్గర చెస్టర్‌ను వదిలాం. ఏం చెప్పలేదు. అది నేరుగా వెళ్లి ముందు బెర్నీస్ మెట్లు ఊడ్చింది, ఉప్పు చల్లింది, పోస్టు మనిషి రావడానికి దారి తీసింది, పక్కింటి ముసలాయన గేటు దగ్గర మంచు కూడా లాగేసింది. బ్రైస్ జేబుల్లోంచి చేతులు తీయకుండానే మెచ్చుకున్నాడు. అప్పుడు చెస్టర్ రోడ్డు మీదికి దిగి, బెర్నీస్ ఇంటి ముందు ఒక కారు పట్టేంత చోటు తవ్వడం మొదలుపెట్టింది.

బెర్నీస్ తలుపు తీసుకుని బయటికి వచ్చింది.

"అమ్మాయ్, కారు అమ్మేశానని దీనికి చెప్పలేదా?"

"దీనికి ఏదీ చెప్పం బెర్నీస్. అదేగా మా పరిశోధన" అంది రెనాటా.

చోటు శుభ్రమయ్యాక చెస్టర్ మెట్లెక్కి వరండాలోకి వెళ్లింది. స్టష్ కుర్చీ అక్కడే ఉంది. ఇనుప కాళ్లు, పసుపు రంగు సీటు, చిరిగినచోట నల్ల టేపు. దాన్ని రెండు చేతులతో ఎత్తి తెచ్చి, తవ్విన చోటు మధ్యలో వేసింది. ఒక అడుగు వెనక్కి వెళ్లి చూసి, మళ్లీ వచ్చి, కుర్చీని రోడ్డుకు ఎదురుగా సరిచేసింది.

"అచ్చం ఆయనే" అని బెర్నీస్ ఏప్రాన్‌తో ముఖం తుడుచుకుంది. నేనూ ముక్కు తుడుచుకున్నాను. చలికి అనుకున్నారు అందరూ, అనుకోనివ్వండి.

మా ఊళ్లో కారు పెట్టుకోవడానికి మంచు తవ్వినవాడు ఆ చోట కుర్చీ వేసి వెళ్తాడు. తిరిగొచ్చేదాకా ఆ చోటు అతనిదే. ఇది చట్టంలో లేదు. చట్టంలో ఉన్నవాటిని మేం ఇంత గట్టిగా పాటించం.

"పని బ్రహ్మాండం. ఆ కుర్చీ ఎందుకు?" అన్నాడు బ్రైస్.

రెనాటా చెప్పింది. ఆయన నవ్వాడు. తన అద్దె కారు కొండ కింద వదిలి వచ్చానని, కాళ్లు కొయ్యబారిపోతున్నాయని చెప్పి, దిగి వెళ్లి కారు తెచ్చాడు. కారు దిగి కుర్చీ ఎత్తాడు.

"బ్రైస్ గారూ, దాన్ని తీయకండి" అంది రెనాటా.

"కుర్చీయేగా అండీ!" అని దాన్ని ఫుట్‌పాత్ మీద పెట్టి, ఆ చోట కారు ఆపాడు.

పక్కింటి పైకిటికీలో పరదా కదిలింది. వీధి చివర మంచు ఎత్తుతున్న చెస్టర్ ఆగింది. వెనక్కి తిరిగి వచ్చి, ముందు కుర్చీని చూసింది, తర్వాత కారును చూసింది. ఆ తర్వాత పార నిండా మంచు ఎత్తి కారు ముందు అద్దం మీద పోసింది. ఇంకో పార. పోయడమే కాదు, పార వెనక వైపుతో తట్టి గట్టిచేసింది కూడా.

"ఇదేంటండీ? ఇదేం చేస్తోంది?" అని బ్రైస్ అరిచాడు.

రెనాటా బెర్నీస్ వైపు తిరిగింది. "స్టష్ ఇలా ఎప్పుడు చేశాడు?"

"కిందటేడు. ఎవడో పెళ్లికొచ్చిన కుర్రాడు కుర్చీ పక్కకు నెట్టి కారు పెట్టాడు చూడు. ఒక్కసారే చేశాడమ్మా పాపం, మంచి మనిషి."

"ఒక్కసారే?" రెనాటా గొంతు మారిపోయింది. "డొమ్, విన్నావా? ఒక్కసారి చూసి నేర్చుకుంది!"

"విన్నాను. ఆపే మీట నీ చేతిలో ఉంది" అన్నాను.

"గ్లవ్ వేసుకున్నాను. నొక్కడం కుదరట్లేదు."

ఆ గ్లవ్‌తోనే ఆమె పొద్దున కాఫీ కప్పు మూత తీయడం నేను చూశాను. కానీ ఇన్నేళ్లూ తల ఊపి కాఫీకి వెళ్లిపోయినవాళ్ల ముఖాలు నాకూ గుర్తున్నాయి కాబట్టి మీట సంగతి వదిలేశాను. వెనక అద్దం కూడా కనపడకుండా పోయాక రెనాటా వేలికి బలం వచ్చింది, చెస్టర్ ఆగింది.

బ్రైస్ ముఖం ఎర్రబడింది. "చూడండి రెనాటా గారూ. యంత్రం బాగుంది. ఆ కుర్చీ పిచ్చి తీసేయండి, రేపే సంతకం పెడతాను. తీయనంటే మాత్రం నేను ఈ రాత్రి విమానం ఎక్కేస్తాను."

"తీయలేను. ముందు ముసలమ్మ మెట్లు ఊడ్వాలని దానికి ఎవరూ చెప్పలేదు. ఆ మెట్లు ఎక్కడ నేర్చుకుందో కుర్చీ కూడా అక్కడే నేర్చుకుంది. ఒకటి ఉంచి ఒకటి తీయమంటే, సూప్‌లోంచి ఉప్పు తీయమన్నట్టే" అంది రెనాటా.

"అయితే నేను వెళ్తాను."

"దేంట్లో వెళ్తారు?" అన్నాను. రెనాటా నా కాలు తొక్కింది.

ఆయన వీధంతా కలయజూశాడు. అందరూ వరండాల్లో నిలబడి ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. కుర్చీ తీసినవాడికి సాయం చేసే అలవాటు మాకు లేదు. చివరికి బెర్నీస్ లోపలికి వెళ్లి స్టష్ పార తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"నడుము వంచకు నాయనా, మోకాళ్లు వంచు."

బ్రైస్ తవ్వాడు. మొదట కోపంగా తవ్వాడు. తర్వాత రొప్పుతూ తవ్వాడు. కోటు విప్పాడు, టై విప్పి జేబులో కుక్కుకున్నాడు. పెళ్లి బూట్ల సంగతి మాట్లాడకపోవడమే మర్యాద. అద్దాలు బయటపడ్డాయి, చక్రాలు బయటపడ్డాయి. దిగుడులో కారు జారకుండా వెనక చక్రాల కింద మంచు గీకి, బెర్నీస్ ఇచ్చిన ఉప్పు కూడా చల్లాడు. అంచుల్లో మిగిలిన మంచు ఆయన దారికి ఏమాత్రం అడ్డం కాదు. దాన్ని కూడా ఎత్తి అవతల పోసి, పార మీద గడ్డం ఆనించి, తన పని తనే కాసేపు చూసుకున్నాడు.

రెనాటా మాత్రం అటు చూడటం లేదు. చెస్టర్ భుజం మీది మంచు తుడుస్తూ నిలబడింది. "దీన్ని ముక్కలుగా అమ్మొద్దు డొమ్. చేతులు ఒకడికీ చక్రాలు ఒకడికీ వద్దు. ఎక్కడైనా మొత్తంగా ఉంచుదాం" అంది. మా అమ్మ గ్యారేజీ ఉందన్నాను.

అప్పుడు బెర్నీస్ వరండాలోంచి కేకేసింది. "నాయనా, బంగాళాదుంప కూరిన పిరోగీ ఉడుకుతున్నాయి. తిన్నాకే విమానం ఎక్కుదువుగాని. వాటిలో నంజుకునే పుల్ల మీగడ నిండుకుంది. కొండ కింద కొట్టుంది, నీకు కారుంది."

చెమటతో తడిసిన మనిషి ఆకలితో ఉన్నప్పుడు అడిగితే కాదనడు. బ్రైస్ తల ఊపి, కారెక్కి, మెల్లగా చోటులోంచి బయటికి తీశాడు. పది అడుగులు కూడా పోలేదు, రోడ్డు మధ్యలో బ్రేకు వేశాడు. దిగాడు. తను తవ్విన ఖాళీ చోటు వైపు చూశాడు, వీధి పైకీ కిందకీ చూశాడు. పైనుంచి ఎవరిదో కారు ఒకటి నెమ్మదిగా దిగుతోంది. బ్రైస్ గబగబా నడిచి వెళ్లి, ఫుట్‌పాత్ మీది కుర్చీ ఎత్తి చోటు మధ్యలో వేశాడు.

మేమంతా తననే చూస్తున్నామని అప్పుడు గమనించాడు.

"ఏంటలా చూస్తారు? తవ్వింది నేను!"

దిగుతున్న కారు కుర్చీని చూసి, వేగం తగ్గించకుండా ముందుకు వెళ్లిపోయింది. బ్రైస్ తన కారెక్కి పుల్ల మీగడకు వెళ్లాడు.

రెనాటా చెస్టర్‌ను మళ్లీ కదిలించింది. అది పారతో వచ్చి కుర్చీ ముందు ఆగింది. అది కాసేపు చూసి, కొంచెం పక్కకు తిరిగి ఉన్న కుర్చీని రోడ్డుకు ఎదురుగా సరిచేసి, చుట్టూ తిరిగి పక్కింటి వైపు వెళ్లిపోయింది.

"కుర్చీ తీసేయమని ఆయన ఇక అడగడు డొమ్" అంటూ రెనాటా గ్లవ్ తీసి జేబులో పెట్టుకుంది. ఫోన్ అందుకుని క్లీవ్‌లాండ్ నంబరు కలిపింది. తాను రావడం లేదని వాళ్లకు చెప్పింది.