దుబ్బు మొదలు చూడని సలహా

ఆ ఉదయం మెహరాజ్ సెల్‌ఫోన్ పట్టుకుని, పామర్రు పక్కనున్న ఒక ఊళ్లో చేల గట్ల వెంట హడావిడిగా తిరుగుతోంది. ఆమె ఆ ఊరి వ్యవసాయ సహాయకురాలు. ప్రతి చేనుకూ ఫోటో తీసి, సాయంత్రానికల్లా పంట నమోదు పూర్తి చేయాలి. దారిలో కౌలు రైతు శౌరయ్య ఎదురొచ్చాడు.

"అమ్మా, మా వరిచేలో అక్కడక్కడా పసుపు తిరుగుతోందండి. ఒక్కసారి దిగి చూసిపోతారా?"

"నమోదుకి ఇవాళే ఆఖరండీ. పైనుంచి ఒకటే ఫోన్లు. మీరు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, చూసి చెప్తాను."

శౌరయ్య పెట్టాడు. ఫోటోలో ఆకులు పసుపుగా ఉన్నాయి. నత్రజని లోపమని, యూరియా చల్లమని మెహరాజ్ జవాబు రాసింది. చదువుకున్న అమ్మాయి, పైగా సర్కారు మనిషి చెప్పింది కదా అని అతను ఆ రోజే చల్లేశాడు.

పాఠకులు ఆ పిల్లను తిట్టుకోవడానికి తొందరపడవద్దు. విజయవాడ వన్ టౌన్‌లో పుట్టి పెరిగింది. వ్యవసాయ డిప్లొమా మంచి మార్కులతో పాసైంది. ఉద్యోగంలో చేరాక చేలో దిగి నేర్చుకోవలసిన శిక్షణను కాస్తా ఆన్‌లైన్ మీటింగు చేసేశారు. ఒక చెవితో ఆ పాఠం వింటూనే ఆమె పంట నమోదు కోసం రైతుల చేత వేలిముద్రలు వేయించింది. నమోదులో మండలానికే ముందుందని మెచ్చుకున్నారు కూడా. చేలో ఎప్పుడైనా దిగావా అని మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

మరుసటి వారానికి, ఇక ఈనబోతూ పొట్ట మీదున్న పైరు సుడులు సుడులుగా ఎండి పడిపోయింది. కబురు విని మండల వ్యవసాయాధికారి సుధామణి మెహరాజ్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. చెప్పులు గట్టు మీద విడిచి చేలో దిగి, వంగి, ఒక దుబ్బును రెండు చేతులా విడదీశారు. నీటికి కాస్త పైన, మొదలంతా రసం పీల్చే గోధుమరంగు దోమ కిటకిటలాడుతోంది.

"సుడిదోమ. దీన్ని ఎప్పుడైనా చూశావా మెహరాజ్?"

"పుస్తకంలో బొమ్మ చూశానండి. యూరియా వేస్తే ఇది ఇంకా పెరుగుతుందని పరీక్షలో కూడా రాశాను. ఆకు చూశాను గానీ, మొదలు చూడాలని తోచలేదండి."

గట్టు మీద కూర్చున్న శౌరయ్య తల ఎత్తలేదు. అతని భార్య మాణిక్యమ్మే లేచి వచ్చింది.

"మా చేను ఎలాగూ పోయిందమ్మా. ఈ ఏడు తిండిగింజలు కూడా కొనుక్కోవాల్సిందే. ఆ అమ్మాయిని తిడితే మాకేం ఒరుగుద్ది? చూసే పద్ధతేదో ఇక్కడే నేర్పండి. పక్క చేలన్నా దక్కుతాయేమో."

సుధామణి అక్కడి నుంచే ఫోన్ చేసి, మండలంలోని సహాయకులందరినీ ఆ చేలోకే రప్పించారు. మోకాళ్ల దాకా బురదలో, చచ్చిపోయిన పైరు మధ్య నిలబడి, వాళ్లు దుబ్బులు విడదీసి చూడడం నేర్చుకున్నారు. చాలామంది సుడిదోమను చూడడం అదే మొదటిసారి.

"నమోదు బాగా చేసిందని మెహరాజ్‌ను మెచ్చుకున్నది నేనే. కాబట్టి ఈ తప్పులో ముందు వాటా నాది," అన్నారు సుధామణి, శౌరయ్య వైపు చూడలేక. "సలహా చెప్పేవాళ్లకు పొలంలో పని నేర్పకుండా ఊళ్లకు పంపితే, వాళ్ల చదువుకయ్యే ఖర్చును రైతు తన పంటతో కట్టాల్సి వస్తుంది."