బోణీ ప్యాక్

షబానాను ఎవరు మెచ్చుకున్నా జయరాముడికి చెవులు మండేవి.

ధర్మవరంలో వాళ్ల ఆఫీసు పని, పట్టుచీరల డిజైన్లనూ వాటిలో చేసిన ప్రతి మార్పునూ కంప్యూటర్లో భద్రపరచడం. ఆ ఏర్పాటంతా జయరాముడిదే. డిజైన్లు ప్యాకులుగా, అంటే కట్టలు కట్టలుగా ఉంటాయి. ఏది వెతికినా బోణీ ప్యాక్‌తోనే మొదలుకావాలని అతని సెంటిమెంటు. అతను స్వయంగా ఎక్కించిన తొలి డిజైన్, హంసల అంచు, అందులోనే ఉంది. అక్కణ్నుంచి పాత ప్యాకులన్నీ వరుసగా తిరిగి చివరికి కొత్తవాటి దగ్గరకు చేరాలి. నిన్నటి డిజైన్ దొరికేలోపు టీ చల్లారిపోయేది.

హిందూపురం నుంచి రైల్లో వచ్చే షబానా ఆ వరుస మార్చింది. డిజైన్ ఏ ప్యాక్‌లో దొరికితే ఆ ప్యాక్ ముందుకు జరగాలి. రోజూ అడిగేవి ముందుకొచ్చాయి, వెతుకులాట రెప్పపాటైంది. బోణీ ప్యాక్ అట్టడుక్కి జారింది.

“ఏమప్పా జయరాముడూ, ఇన్నాళ్లూ నీకెందుకు తట్టలేదబ్బా?” అని ఓనరు కుమారస్వామి అందరి ముందూ నవ్వాడు.

హిందూపురంలో తెరిచే కొత్త బ్రాంచి ఎవరి చేతికో ఈరోజే తేలుతుంది. షబానా తెచ్చిన వేగం చూడ్డానికి పెనుకొండ షోరూం యజమాని లింగప్ప వస్తున్నాడు. ఆయన మెచ్చితే షబానాకు, లేదంటే జయరాముడికి.

షబానా రైలు దిగకముందే జయరాముడు పాత వరుస తిరిగి పెట్టేశాడు. ఇక కొత్త డిజైన్ అడగడమే ఆలస్యం, ఆ పిల్ల తెల్లమొహం వేస్తుంది.

లింగప్ప వచ్చి షబానా పక్కన కుర్చీ లాక్కున్నాడు. “మీ మొట్టమొదటి డిజైన్ ఉండాదా? హంసల అంచు. మా అవ్వ అదే కావాలంటాంది.”

“అది రోజూ అడిగేది కాదు సార్, రొంత లేటయితాది,” అంటూ షబానా మీట నొక్కింది.

తెరమీద హంసలు వాలాయి.

“లేటంటివి, అనేలోపే వచ్చె గదమ్మా!” లింగప్ప తొడ చరిచాడు.

“హిందూపురం నీదే పో,” అన్నాడు కుమారస్వామి.

ఆ వేగం నాదే అని జయరాముడికి అరవాలనిపించింది. అరిస్తే వరుస మార్చింది తనేనని బయటపడదూ?

షబానా నవ్వలేదు. తెర వైపు చూసింది, తర్వాత అతని వైపు.

“ఇప్పుడు నిన్న మార్చిన డిజైన్ చూపించు,” అన్నాడు లింగప్ప.

జయరాముడికి మళ్లీ ప్రాణం లేచివచ్చింది. పాత వరుసలో ఇది ఆఖరున గానీ దొరకదు. బ్రాంచి ఇంకా చేజారలేదు.

షబానా కీబోర్డు అతని ముందుకు తోసి, వంగి మెల్లగా అంది. “అన్నా, నా వరుసలో హంసలు అంత తొందరగా రావు. వరుస మార్చడం తెలిసినోళ్లం ఈడ ఇద్దరమే. నేను సార్‌కు టీ పోసేలోపు సరిచేస్తావా, అవి ఎందుకంత తొందరగా వచ్చినాయో ఆయనకు చెప్పమంటావా?”

ఫ్లాస్కు మూత తిరిగిన చప్పుడు వినిపించింది.

అతని వేళ్లు పరుగెత్తాయి. ఆమె రాసిన ప్రతి అక్షరం అతనికి కంఠతా వచ్చు. కుళ్లుతో అన్నిసార్లు చదివాడు మరి.

కప్పు లింగప్ప చేతికి అందకముందే తెరమీద కొత్త డిజైన్ మెరిసింది.